సున్నా శాతం తెగులు

ఈ ఖరీఫ్ నుంచి జిల్లాలో వేరుశనగకు తెగుళ్లు సోకవని మంత్రిగారు కళ్యాణదుర్గం సభలో ప్రకటించారు. తగ్గిస్తామని కాదు, అరికట్టడానికి కృషి చేస్తామని కాదు. సోకవు, అంతే.

"గతంలో తెగుళ్లు ఇష్టారాజ్యంగా వచ్చేవి. అడిగే నాథుడు లేడు. మొలకప్పుడు ఒకటి, పూతప్పుడు ఒకటి, కాయ కట్టే ఊడ నేలలోకి దిగేటప్పుడు ఇంకొకటి! ఇకమీదట మన పొలంలో ఒక్క తెగులు అడుగు పెట్టినా సంబంధిత అధికారి సమాధానం చెప్పుకోవాలి" అని ఆయన మైకు అదిరేలా హెచ్చరించారు. తెగుళ్లు ఈ హెచ్చరిక విన్నాయో లేదో తెలియదు కానీ అధికారులు మాత్రం విన్నారు. వేదిక వెనక నిలబడ్డ మండల వ్యవసాయాధికారి ఉదయ్ కుమార్ ముఖం అప్పుడే సగం వాడిపోయింది.

మంత్రిగారి మాట పూర్తి కాకముందే మొదటి చప్పట్లు కొట్టినవాడు ఓబిలేష్. కుందుర్పి రోడ్డు పక్క ఊళ్లో నాలుగెకరాల ఎర్రనేల, పెళ్లాం గంగాదేవి, పార్టీ గ్రామ కన్వీనర్ అనే హోదా అతని ఆస్తులు. పార్టీలో అతనికి ఇంతవరకు దక్కిన పదవి సభల్లో ముందు వరుస కుర్చీ ఒక్కటే. అది కూడా సభ ముగియగానే టెంట్ హౌస్ వాళ్లు పట్టుకుపోయేవారు.

"ఆ చప్పట్లు కొడుతున్న తమ్ముడిది ఏ ఊరు?" అని మంత్రిగారు వేలు చూపించారు. "నీ చేనే మన తెగులు రహిత ఆదర్శ క్షేత్రం!"

ఆదర్శ క్షేత్రాల ఎంపిక శాస్త్రీయంగా జరగదని విమర్శించేవాళ్లు ఈ సంఘటనను గమనించాలి. నేల చూడలేదు, నీరు చూడలేదు. రైతు ఉత్సాహాన్ని చూసి ఎంపిక చేశారు.

ఓబిలేష్ ఇంటికి వచ్చేసరికి గంగాదేవి వాకిట్లో కూర్చుని కాయలు ఒలుస్తోంది.

"మే, మన చేనికి ఇంక తెగుళ్లు రావంట."

"ఎవురు చెప్పినారు?"

"మంత్రన్న చెప్పినాడు."

"ఎవురికి? చేనికి చెప్పినాడా, నీకు చెప్పినాడా?"

 గంగాదేవి జవాబు కోసం ఆగకుండా ఇంకో కాయ అందుకుంది. ఆమె ఒలుస్తున్నవి మామూలు కాయలు కావు. పెళ్లయి కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం. ఏటా విత్తి, ఏటా మేలైన చెట్ల కాయలు ఏరి, ప్రతి కాయనూ చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, గింజ గలగలమంటేనే వేపాకు వేసిన సంచిలో దాచేది. వానలు మొహం చాటేసిన ఏళ్లలో పంట పోయినా, ఇల్లు గడవక ఓబిలేష్ బెంగళూరులో మట్టి మోసిన ఏడాది కూడా, ఆ సంచి మాత్రం దూలానికి వేలాడుతూనే ఉంది. చుట్టాలొచ్చి, పచ్చడికి గుప్పెడు గింజలు లేకపోయినా ఆమె ఆ ముడి విప్పలేదు. ఇంట్లో దేవుడి పటం కంటే దానికే భయభక్తులు ఎక్కువ.

"విత్తనం వెనక్కి రావాల. అది రాకుంటే మాత్రం నేనూరుకోను" అంది ఆమె.

"వస్తాదిలే, మంత్రన్నే ఉండాడు గదా!" అన్నాడు ఓబిలేష్.

ఇక్కడ ఓబిలేష్ గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లో అతను 'కాదు' అనే మాటను తెలుగులోనూ, కన్నడంలోనూ, కొంచెం ఉర్దూలోనూ అనగలడు. ఎదురుగా ఇస్త్రీ చొక్కా, దాని జేబులో పెన్ను కనబడితే మూడు భాషలూ మరిచిపోయి 'సరే సార్' అంటాడు. ఈ సంగతి ఊళ్లో అందరికంటే ముందు అతనికే తెలుసు. "నా నడుముకు దేవుడు ఎముక పెట్టేది మరిచినాడు మామా" అని మేకల తిప్పయ్య దగ్గర తనమీద తనే జోకులేసుకుంటాడు. నవ్వడం అయిపోయాక వెళ్లి మళ్లీ సరే సార్ అంటాడు.

వాన పడింది. మర్నాడు తెల్లారేసరికి ఊళ్లో ప్రతి చేనులో విత్తే గొర్రు కట్టారు. ఓబిలేష్ చేనులో మాత్రం షామియానా కట్టారు. విత్తనశుద్ధిని మంత్రిగారు స్వయంగా ప్రారంభించాలి. విత్తే ముందు గింజకు మందు పట్టిస్తే మొదలు కుళ్లు రాదని శాస్త్రం. మంత్రిగారు వచ్చేసరికి నేలలో తడి పదును ఎంత ఆరిపోతుందో ఆ శాస్త్రంలో లేదు. చుట్టూ చేలల్లో మొలకలు లేచే వేళకు ఆయన కారు దుమ్ము లేపుకుంటూ వచ్చింది.

డ్రమ్ములో గంగాదేవి ఒలిచిన గింజలన్నీ పోశారు. ఉదయ్ కుమార్ మందు ప్యాకెట్టు చేతికి తీసుకున్నాడు. వెంటనే పీఏ అడ్డం వచ్చాడు.

"వాసనొస్తుందా?"

"మందు సార్. కొంచెం వస్తుంది."

"అన్నకు పడదు. తుమ్ములొస్తాయి. మొన్న ఆసుపత్రి ఓపెనింగ్‌లో డెట్టాల్ వాసనకే గంట తుమ్మినాడు."

కెమెరా అతను కూడా ముందుకొచ్చాడు. "ఆ బూడిద రంగు టీవీలో కనబడదు సార్. ఏదైనా ఎర్రది పడితే ఫ్రేము బాగుంటుంది."

అందరి చూపూ ఒకేసారి పూజ పళ్లెం మీద పడింది. గొర్రుకు పూజ చేయడానికి గంగాదేవి తెచ్చిన కుంకుమ అందులో ఉంది. ఉదయ్ కుమార్ ఓబిలేష్ చెవిలో, "ఇది ఫోటోకేనన్నా. సార్ పోయినాక మనం మందు పట్టిద్దాం" అన్నాడు.

"సరే సార్" అన్నాడు ఓబిలేష్.

కుంకుమ పోసిన డ్రమ్మును మంత్రిగారు తిప్పారు. గింజలు పెళ్లికూతుళ్లలా ఎర్రబడ్డాయి. ఫ్రేము అద్భుతంగా వచ్చింది. ఆ ఉత్సాహంలో మంత్రిగారు, "ముహూర్తం బాగుంది, విత్తండి!" అని తామే గొర్రు పట్టారు. మంత్రిగారు పోసిన విత్తనాన్ని వెనక్కి తీసి మళ్లీ మందు పట్టిస్తామని చెప్పే మగాడు ఆ షామియానా కింద ఎవరూ లేరు. ఉన్న పదును కూడా ఆరిపోతోంది. నాలుగెకరాలకూ కుంకుమ విత్తనమే పడింది.

గంగాదేవి గొర్రు వెంట నడుస్తూనే ఒడి నిండా గింజలు వెనకేసుకుంది. ఎవరూ విప్పని మందు ప్యాకెట్టు కూడా కొంగులో పెట్టుకుంది. ఆ సాయంత్రం గింజలను కడిగి, ఆరబెట్టి, మందు పట్టించి, ఇంటి వెనక స్నానాల బండ నుంచి నీళ్లు పారే చోట విత్తింది.

"అది ఎందుకే?" అన్నాడు ఓబిలేష్.

"చేను మంత్రిది. ఇది నాది" అంది.

మంత్రిగారి చేను మొలిచింది. మొలిచాక ఒక్కో మొలక మొదలు దగ్గర నల్లబడి తల వాల్చేసింది. ఉదయ్ కుమార్ వచ్చి చూసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మొదలు కుళ్లు. జిల్లా ఆఫీసు నుంచి జాయింట్ డైరెక్టర్, జేడీ గారు రేపు వస్తారు. ఒక్క మొక్క కనబడినా నాకు మెమో."

"ఏం జేయాల సార్?"

"సోకిన మొక్కను పీకి పారేయాలన్నా. ఇది నేను చెప్పేది కాదు, సైన్సే చెప్తుంది."

సైన్స్ నిజంగానే అలా చెబుతుంది. ఓబిలేష్ సరే సార్ అన్నాడు. పీకిన మొక్కలను గట్టు మీద వేస్తే తిప్పయ్య మేకలు వచ్చి శుభ్రం చేశాయి. జేడీ గారు చేనంతా తిరిగి తెగులు సోకిన మొక్క ఒక్కటీ లేదని ఆనందించారు. మధ్య మధ్య ఖాళీల గురించి అడిగితే, "గాలి ఆడడానికి సార్" అని ఉదయ్ కుమార్ మనవి చేశాడు. రెండో రోజు పేపర్లో 'తెగులు సున్నా శాతం' అని వచ్చింది. ఓబిలేష్ ఆ ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తన చేను ఖాళీ అయినందుకు తనకే అభినందనలు రావడం అతనికి వింతగా అనిపించింది, కానీ చెడ్డగా అనిపించలేదు.

ఇక జొన్న సంగతి. తామర పురుగులు పక్క చేల నుంచి వైరస్ మోసుకురాకుండా చేను చుట్టూ అడ్డుగోడలా జొన్న వేయాలని శాస్త్రం. వేశారు. ఏపుగా పెరిగింది కూడా. దురదృష్టం ఏమిటంటే రోడ్డువైపు జొన్న వెనకే మంత్రిగారి నిలువెత్తు ఫ్లెక్సీ ఉంది. జొన్న ఆయన మోకాళ్లు దాటినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. గుండెల దాకా వచ్చినప్పుడు పార్టీ మండల అధ్యక్షుడు జోయల్ ఫోన్ చేశాడు.

"ఏమప్పా ఓబిలేషూ, అన్న గడ్డానికి జొన్న తగుల్తాండాదంట?"

"అది పురుగు రాకుండా వేసినామన్నా."

"అన్న ముఖం కనపడకుండా జేసేది పురుగు కాదా? ఎల్లుండి అన్న వస్తాండాడు. కొట్టేయ్."

జొన్న కొట్టేశారు. మేకలకు మళ్లీ పండగ. మంత్రిగారి రెండో పర్యటనకు స్వాగత తోరణం కట్టాలి. ఆ వారం అనంతపురం పూల మార్కెట్టులో పెళ్లిళ్ల గిరాకీ. పూలు దొరకలేదు. కార్యకర్తలు నిరాశపడే రకం కాదు. రోడ్డు పక్కన తెల్లగా విరగబూసిన వయ్యారిభామ మొక్కలను మోపులు మోపులుగా కోసుకొచ్చి తోరణం అల్లారు. చూడ్డానికి నిజంగానే బాగుంది. వైరస్ ఆ కలుపు మొక్కలోనే కాపురముంటుందని, పుప్పొడితో పాటు పురుగుల వీపునెక్కి చేనులోకి దిగుతుందని ఉదయ్ కుమార్‌కు తెలుసు. ఉద్యోగ పరీక్షలో అతనికి ఆ ప్రశ్నే వచ్చింది, పూర్తి మార్కులు కూడా పడ్డాయి. తోరణం కింద మంత్రిగారితో కలిసి నడుస్తున్నప్పుడు అది గుర్తొచ్చి దగ్గాడు.

మంత్రిగారు వెళ్లిపోయారు, తోరణం ఉండిపోయింది. చేనులో మొక్కల మొవ్వులు మాడాయి, కాండాలు నల్లబడ్డాయి. మళ్లీ పీకారు. మళ్లీ సున్నా శాతం. ఈసారి పేపర్లో ఓబిలేష్ ఫోటో కూడా వేశారు.

"అల్లుడా, నీ చేను పుణ్యాన మా జీవాలు బాగా కండ పట్టినాయి. ఇట్లాంటి పథకం ఏటా పెట్టమని చెప్పు మంత్రికి" అన్నాడు తిప్పయ్య గట్టు మీద కూర్చుని.

"చెప్తా మామా. నా పేరు చెప్పి ఒక మేకనన్నా కోయి."

"నిన్ను జూస్తే నగు వస్తాది, ఏడుపూ వస్తాది."

"నాకు నగే వస్తాది మామా. ఏడిస్తే ఫోటో బాగుండదు."

ఊడలు దిగే వేళకు మిగిలిన మొక్కల ఆకుల మీద తిక్క తెగులు మచ్చలు పొడసూపాయి. మందు కొడితే ఆగుతాయి. మందు సిద్ధంగానే ఉంది, కానీ మామూలు స్ప్రేయరుతో కొట్టడానికి వీల్లేదు. డ్రోన్ ప్రారంభోత్సవం ఉంది. డ్రోన్ వచ్చింది, మంత్రిగారు వచ్చారు, మేళగాళ్లు వచ్చారు. గాలి మాత్రం ప్రోటోకాల్ తెలియక చేను వైపు నుంచి వేదిక వైపు వీచింది.

"మందు అన్న మీద పడితే ఎవురిది బాధ్యత?" అన్నాడు పీఏ.

అది ఎవరిదీ కాకుండా చూడ్డానికి ట్యాంకులో పన్నీరు నింపారు. డ్రోన్ లేచింది. చేను మీద, వేదిక మీద, పోలీసుల మీద సమానంగా పన్నీరు చల్లింది. మంత్రిగారు ముఖం తుడుచుకుంటూ సాంకేతికత ఇంత సువాసనగా ఉంటుందని అనుకోలేదన్నారు. ఆ పూట పక్క ఊళ్లకు డ్రోన్ వెళ్లిపోయింది. మచ్చలు ఆకు నుంచి ఆకుకు పాకాయి. ఉదయ్ కుమార్ కళ్లతోనే సైగ చేశాడు. ఓబిలేష్ అడగకుండానే వంగి పీకడం మొదలుపెట్టాడు.

"అల్లుడా, మా మేకలన్నీ పెండ్లికి పోయొచ్చినట్ల వాసనొస్తాండాయి" అన్నాడు తిప్పయ్య.

ఆ రోజు గంగాదేవి చేనికి వచ్చి గట్టు మీద నిలబడి నాలుగెకరాలూ చూసింది. ఎర్రటి నేల, చెరిగినంత శుభ్రంగా ఉంది. "బాగుండాది" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. ఆమె తిడితే ఓబిలేష్ తట్టుకోగలడు. ఇది మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఇంటి వెనకకు వెళ్లి చూశాడు. స్నానాల బండ పక్కన ఆమె మొక్కలు సబ్బు నీళ్లు తాగి, మచ్చ లేని ఆకులతో గుబురుగా పెరిగాయి. కింద ఊడలు దిగి కాయ పడుతోంది. ఆ పచ్చదనం చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది. పోయింది పోనీ, విత్తనం వెనక్కి వస్తుందనుకున్నాడు.

ఎన్నికల కోడ్ వస్తుందన్న వార్తతో పంటకోత పండుగను ముందుకు జరిపారు. కాయ ఇంకా ముదరలేదని ఉదయ్ కుమార్ ఫోనులో విన్నవించుకుంటే, కోడ్ మాత్రం ముదిరిపోయిందని పైనుంచి జవాబు వచ్చింది. మంత్రిగారు స్వహస్తాలతో చెట్టు పీకి, కాయలు కెమెరాకు చూపించాలి. పండుగ రోజు మధ్యాహ్నం ఉదయ్ కుమార్ చేను మధ్యలో నిలబడి నాలుగు దిక్కులా చూశాడు. పీకడానికి అక్కడ గడ్డి పరక కూడా లేదు.

"పక్క చేలల్లో పట్టుకొస్తే?" అన్నాడు జోయల్.

"అన్నీ మచ్చలే సార్. హెచ్‌డీ కెమెరాలు."

"అయితే మొక్క కావాల. మచ్చ ఉండకూడదు. అంతేగదా? ఎవురన్నా చెప్పండప్పా!"

అందరూ ఎవరి చెప్పుల వైపు వాళ్లు చూసుకున్నారు. ఓబిలేష్ కూడా అలాగే నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "మా ఇంటి వెనక కొన్ని ఉండాయి సార్" అని ఒక గొంతు వినబడింది. అది తన గొంతేనని అతనికి కొంచెం ఆలస్యంగా తెలిసింది.

గంగాదేవి పొద్దున్నే టమోటా కూలికి ఆటోలో వెళ్లింది. ఓబిలేష్ పార పట్టుకుని, మన్నుతో సహా ఒక్కో మొక్కనూ పెకలించాడు.  ఫోటో అవగానే మళ్లీ తెచ్చి నాటేస్తానని తనకు తానే హామీ ఇచ్చుకున్నాడు. పార్టీలో ఇన్నేళ్లుగా ఉన్నాడు కాబట్టి హామీ ఇవ్వడం అతనికి కష్టం కాలేదు. నమ్మడమే కొంచెం కష్టమైంది. మొక్కలను వేదిక ముందు వరుసగా గుచ్చి, నీళ్లు చల్లారు.

మంత్రిగారు వచ్చి వంగి ఒక చెట్టును పట్టుకున్నారు. పట్టుకోగానే అది చేతిలోకి వచ్చేసింది.

"ఎంత గుల్ల నేల!" అని మంత్రిగారు మెచ్చుకున్నారు. వేళ్లకు కాయల గుత్తితో పాటు ఒక ఖాళీ షాంపూ ప్యాకెట్టు చిక్కుకుని వేలాడుతోంది. "ఇదేమిటి?"

"సూక్ష్మపోషకాలు సార్" అన్నాడు ఉదయ్ కుమార్.

మంత్రిగారు ఒక కాయ ఒలిచి గింజ నోట్లో వేసుకున్నారు. "పాల గింజ! వెన్నలాగుంది. అందరూ రుచి చూడండి" అన్నారు. ఆయన ఆజ్ఞ కోసమే ఎదురుచూస్తున్నట్టు అధికారులు, నాయకులు, డ్రోన్ ఆపరేటరు తలా ఒక చెట్టు పీకారు. సెల్ఫీలు దిగారు. ఒలుచుకుని తిన్నారు. జోయల్ ఇంటికి కూడా కొన్ని జేబులో వేసుకున్నాడు.

కూలి ఆటో అప్పుడే రోడ్డు మీద ఆగింది. టమోటా మరకల చీరతో గంగాదేవి దిగి, జనం వెనక నిలబడింది. ఆమె మంత్రిని చూడలేదు, మొగుణ్ణీ చూడలేదు. ఆ షాంపూ ప్యాకెట్టును చూసింది. ఎప్పుడో తలంటు పోసుకుని పారేసింది ఆమే.

"చూశారా! ఒక్క తెగులు మొక్క ఉందా?" మంత్రిగారు చేయి చాచి చేనంతా చూపించారు. కెమెరాలు నాలుగెకరాల బోడి నేల మీద మెల్లగా తిరిగాయి. "వచ్చే ఏడాది జిల్లా మొత్తం ఈ చేనులాగే ఉండాలి. ఇది నా హామీ!"

చప్పట్లు మోగాయి. ఈసారి మొదటి చప్పట్లు ఓబిలేష్‌వి కావు.

"చెనక్కాయలు యాడుండాయి సామీ?" అని వెనక నుంచి తిప్పయ్య కేకేశాడు.

"ఇప్పుడే గదప్పా తినింది!" అన్నారు మంత్రిగారు. సభ గొల్లుమంది.

ఓబిలేష్‌కు శాలువా కప్పారు. చేతిలో మెమెంటో పెట్టారు. చెక్క పీట మీద బొటనవేలంత వేరుశనగ కాయ, బంగారు రంగుది. ఇన్నేళ్లలో మొదటిసారి వేదిక ఎక్కాడు. కింద ముందు వరుసలో తన కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరైనా తనను పట్టుకుని లాగి అందులో కూర్చోబెట్టేస్తే బాగుండుననిపించింది. ఒళ్లంతా సిగ్గుతో కాలిపోతుంటే ఫోటోకు నవ్వాడు. ఫోటో బాగానే వచ్చింది.

ఇంట్లో దీపం పెట్టే వేళకు గంగాదేవి స్నానాల బండ దగ్గర గుంతలు పూడుస్తోంది. ఓబిలేష్ మెమెంటో పట్టుకుని పెరటి వాకిట్లో నిలబడ్డాడు. 

"తప్పయింది మే."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి మెమెంటో తీసుకుంది. కాసేపు చూసింది. పీట మీద నుంచి కాయను ఊడబెరికింది. ఏటా ప్రతి కాయనూ చూసినట్టే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. మళ్లీ ఆడించింది.

తర్వాత దూలానికి వేలాడుతున్న ఖాళీ విత్తన సంచి దించి, ఎండిన వేపాకు దులిపి, కాయను అందులో వేసింది. ముడి బిగించి ఎప్పుడూ ఉండే చోటే తగిలించింది.

"వచ్చే వానకు ఇదే విత్తు. దీనికైతే ఏ తెగులూ రాదు" అంది.

ఓబిలేష్ ఆ సంచి వైపు చూస్తూ కాదు అనే మాట మూడు భాషల్లోనూ వెతుక్కున్నాడు. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"సరే."